చంద్రి వెంట కెమెరా ఎప్పుడు వెళ్తుంది?

(మన సంఘం వార్షికోత్సవాల సందర్భంగా సూర్యాపేటలో యువతీ యువకులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "సినిమా, కళ, మనిషి". చాలా పెద్ద అంశం. నేను తీసేవి చిన్న చిన్న డాక్యుమెంటరీలు. అందుకే నా గురించి కాకుండా ఒక దర్శకుడి గురించి మాట్లాడతాను. ఆయన బి. నర్సింగరావు. మీలో చాలామంది ఆ పేరు విని ఉండరు, అందులో మీ తప్పేమీ లేదు. ఆయన తీసిన సినిమాలు టీవీలో పండుగనాడు వేసే రకం కాదు.

సినిమా మనకు దూరం అని మాత్రం అనుకోకండి. కత్తి పట్టిన కథానాయకుడిగా ఒక తరాన్ని ఊపేసిన కాంతారావు కోదాడ పక్కన గుడిబండ మనిషి. డాక్టర్ చదివి నటుడైన ప్రభాకర్ రెడ్డిది తుంగతుర్తి. నిన్నమొన్నటి దాకా మనల్ని నవ్వించి 2019లో వెళ్లిపోయిన వేణుమాధవ్‌ది కోదాడ, మిమిక్రీతో మొదలైన మనిషి. మిర్యాలగూడకు సంబంధించిన ఇంకొకరున్నారు, ఆయన గురించి కాసేపటి తర్వాత చెప్తాను. ఈ నేల నుంచి తెర మీదకు మనుషులు పోతూనే ఉన్నారు. మన తండాల నుంచి పోయినవాళ్లు ఎంతమంది? నేను మాట్లాడేది దాని గురించే.

1980లో 'మా భూమి' అనే సినిమా వచ్చింది. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, తెలుగు రాదు, అప్పటికి ముప్పై ఏళ్లు. అది ఆయన మొదటి కథాచిత్రం. కృష్ణ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల దానికి ఆధారం. కథాకాలం నిజాం పాలన చివరి రోజులు, సాయుధ పోరాటం. అంటే మన సూర్యాపేట తాలూకా, జనగామ తాలూకా గుండెల మీద జరిగిన కథ. రామయ్య అనే పేద రైతు కొడుకుగా సాయిచంద్ నటించాడు. గద్దర్ గొంగడి భుజాన వేసుకొని తెర మీద పాడింది ఆ సినిమాలోనే. ఆ పాట బండి యాదగిరిది, పోరాటం కన్న పాట. మీ నాయనలకు ఇప్పటికీ నోటికొస్తుంది, ఇంటికి పోయి అడగండి.

ఆ సినిమాలో చంద్రి అనే పిల్ల ఉంటుంది. లంబాడా పిల్ల. రామయ్య ఆమెను ఇష్టపడతాడు. దొర కన్ను ఆమె మీద పడుతుంది, ఆమె లొంగక తప్పని పరిస్థితి వస్తుంది. రామయ్య మనసు విరిగి ఊరు వదిలి పట్నం పోతాడు. అక్కడ పని చేస్తాడు, కార్మిక నాయకుడితో స్నేహం చేస్తాడు, లోకం అర్థమై తిరిగొచ్చి పోరాటంలో కలుస్తాడు. చాలా గొప్ప సినిమా. పైసలు లేకుండా, స్టార్లు లేకుండా, ఊళ్లలో జనం మధ్య తీశారు. తెలంగాణ మాట తెర మీద వెక్కిరింతగా కాకుండా మాటగా వినపడింది.

నాకు మాత్రం ఆ సినిమా చూసిన ప్రతిసారీ ఒక ప్రశ్న మిగులుతుంది. రామయ్య పట్నం పోయినప్పుడు కెమెరా ఆయన వెంట పోయింది. చంద్రి వెంట ఎవరు పోయారు? ఆ రాత్రి ఆమె తండాకు ఎలా నడిచిపోయింది? యాడీ ఏమంది? నాయక్ పంచాయితీ పెట్టాడా? తెల్లారి కట్టెలకు పోయిందా? కృష్ణ చందర్‌కు గానీ, గౌతమ్ ఘోష్‌కు గానీ, నర్సింగరావుకు గానీ ఆ తండా లోపలి సంగతి తెలిసే అవకాశం తక్కువ. వాళ్లు చేయగలిగినంత చేశారు, నేను నిందించడం లేదు. ఆ మిగిలిన సినిమా వాళ్లది కాదు. తీయాల్సినవాళ్లు వెనక గోడకు ఆనుకొని నిలబడి ఉన్నారు.

సాయుధ పోరాటంలో మన వాళ్ల పాత్ర చిన్నది కాదు. ధర్మాపురం లంబాడాల భూమి పోరాటం, ప్రాణమిచ్చిన జాటోతు ఠానూ నాయక్ పేరు మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి... సరే, లెక్క చెప్పను.

మన మీద కెమెరా తిరగడం కొత్త కాదు. 1909లో ఎడ్గార్ థర్స్టన్ అనే తెల్లదొర దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. మద్రాసు మ్యూజియం అధికారి. అందులో లంబాడీల మీద చాలా పేజీలున్నాయి. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచే పనిముట్టు పట్టుకొని తిరిగేవాడు. ఆ పుస్తకాల్లో ఫొటోల కింద మనిషి పేరు ఉండదు, కులం పేరు ఉంటుంది. అంటే మన దగ్గరికి కెమెరా మొదట కొలబద్దతో కలిసి వచ్చింది. దానికి ముందే 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టిన చట్టం. ఆ మచ్చ చాలాకాలం మనల్ని కూడా వెంటాడింది.

ఆ తర్వాత సినిమా వచ్చింది. సినిమా మనల్ని కొలవలేదు, ఆడించింది. అద్దాల కాంచళి, రంగుల ఫేటియా, నాలుగు నిమిషాల పాట. పాట అయిపోగానే ఆ పిల్ల కథలో ఉండదు. ఆ బట్టల్లో అద్దం ఎక్కడ కుట్టాలో, గవ్వ ఎక్కడ రావాలో తెలియనివాళ్లు కుట్టిన బట్టలవి. మీరు నవ్వుతున్నారు. మన యాడీలు కూడా నవ్వుతారు, ఒక్క చూపుతో కనిపెట్టేస్తారు.

ఇక్కడ సినిమా పనితనం ఒకటి చెప్పాలి. వందేళ్ల కింద రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ముఖం తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక పెట్టి చూపించాడు. జనం మొదటిసారి "అబ్బ, ఎంత ఆకలి" అన్నారు, రెండోసారి "ఎంత దుఃఖం" అన్నారు. ముఖం అదే! మారింది పక్కన పెట్టిన బొమ్మ. ఎడిటింగ్ అంటే అదే. ఇప్పుడు మన టీవీ వార్తలు గుర్తు చేసుకోండి. తండా ముసలమ్మ ముఖం చూపించి, పక్కన గుడుంబా బట్టీ చూపిస్తారు. అదే ముఖం పక్కన ఆమె మనవరాలి ఇంజినీరింగ్ కాలేజీ ఐడీ కార్డు పెట్టి చూడండి. ఆ ముసలమ్మ మారలేదు, మీరు మారిపోతారు. పక్కన ఏం పెట్టాలో నిర్ణయించే మనిషి ఎవరన్నదే అసలు విషయం. మీ ఫోన్లో ఎడిటింగ్ యాప్ ఉంది కదా, కులెషోవ్ చేతిలో ఉన్న బలమే అది.

నర్సింగరావు దగ్గరికి వద్దాం. 1946లో మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌లో భూములున్న కుటుంబంలో పుట్టాడు. హైదరాబాద్‌లో చిత్రకళ చదివాడు. 1988లో 'దాసి' తీశాడు. అందులో కమలాక్షి అనే ఆడమనిషి గడీలో దాసి. దొరసాని వెంట కట్నంలో సామానులాగా వచ్చే ఆడబాపల వ్యవస్థ ఉండేది, మీ అవ్వలకు తెలుసు. కథాకాలం 1920ల ప్రాంతం. కమలాక్షిగా అర్చన నటించింది.

ఆ సినిమా మొదటిసారి చూసేవాళ్లకు విసుగొస్తుంది, ముందే చెప్తున్నాను. మాటలు చాలా తక్కువ. ఆమె పని చేస్తూ ఉంటుంది, కెమెరా చూస్తూ ఉంటుంది. ఒక పని అయ్యాక ఇంకో పని. పెద్ద గోడలు, పెద్ద తలుపులు, మధ్యలో చిన్నగా ఆ మనిషి. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. దొర మీసం తిప్పి విలన్‌లాగా నవ్వడు. మామూలుగా ఉంటాడు. ఆ మామూలుతనమే భయపెడుతుంది. చివరికి ఆమె కడుపులో పెరిగేది కూడా ఆమెది కాకుండా పోతుంది. తీయించేస్తారు. అప్పుడు కూడా సినిమా అరవదు.

ఇందులో ఏం గొప్ప అని అడుగుతారు. నాకు అర్థమైంది చెప్తాను. మన సినిమాల్లో పేదమనిషి ఏడ్చినప్పుడు మ్యూజిక్ ముందే ఏడుస్తుంది. మనం ఏడవాల్సిన పని కూడా వాళ్లే చేసిపెడతారు. 'దాసి' ఆ పని చేయదు. ఆమె పక్కన కూర్చోబెట్టి, నీకేమనిపిస్తుందో నువ్వే చూసుకో అంటుంది. ఆ మనిషి జాలికి వస్తువు కాదు, అందానికి వస్తువు కాదు. ఒక మనిషి అంతే. భూములున్న ఇంట్లో పుట్టిన దర్శకుడు దాసి వైపు నిలబడి గడీని చూపించాడు. ఎక్కడ పుట్టావన్నది నీ చేతిలో లేదు, కెమెరా ఎక్కడ నిలబెడతావన్నది నీ చేతిలో ఉంది.

ఆ సినిమాకు ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి అర్చన, ఛాయాగ్రహణం ఎ.కె. బీర్, కళా దర్శకత్వం మన చిత్రకారుడు తోట వైకుంఠం. ఐదోది దుస్తులకు. ఇందాక మిర్యాలగూడ మనిషి అన్నాను కదా, ఆయనకే. పేరు సుదర్శన్. నాగార్జునసాగర్‌లో సర్కారు బడిలో డ్రాయింగ్ సారు. ఆ సినిమా తర్వాత ఆయన పేరే దాసి సుదర్శన్ అయిపోయింది. 2024లో కన్నుమూశారు.

ఆ అవార్డు గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. దుస్తుల అవార్డు అంటే మనకు రాజుల పట్టుబట్టలు, కిరీటాలు గుర్తొస్తాయి. ఇక్కడ దేశమంతటిలో ఉత్తమం అన్నది ఒక దాసి ఒంటి మీది బట్టను. ఆ రంగు, ఆ నలగడం, ఆ కట్టు చూసి. సినిమా కోసం బొంబాయి పోలేదాయన. బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పుతూ, చుట్టూ ఉన్న మనుషులు ఏం కట్టుకుంటారో చూస్తూ బతికిన మనిషి. ఇక మన యాడీల ఫేటియా మీద కుట్టుపని తెలిసినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారు! ఏ కుట్టుకు ఏ పేరు, ఏ వయసుకు ఏ రంగు, పెళ్లయినామె ఏం పెట్టుకుంటుంది, భర్త పోయినామె ఏం తీసేస్తుంది. సినిమాకు అది విద్య. బయటివాళ్లకు సంవత్సరాలు పట్టే విద్య, మీకు ఇంట్లో ఉంది.

పైసల సంగతి కూడా మాట్లాడుకోవాలి, లేకపోతే మీ బాపులు నన్ను తిడతారు. 'దాసి' కంటే ముందు 1983లో నర్సింగరావు 'రంగుల కల' తీశాడు. అందులో చిత్రకారుడి పాత్ర ఆయనే వేశాడు. బొమ్మలు గీసేవాడు ఎవరి కోసం గీయాలి? కొనగలిగినవాడి గోడ కోసమా, కొనలేనివాడి బతుకు కోసమా? కొనలేనివాడి కోసం గీస్తే అద్దె ఎవరు కడతారు? ఆ సినిమా తేలికైన జవాబు ఇవ్వదు. నా దగ్గర కూడా లేదు.

సత్యజిత్ రాయ్ 1955లో వచ్చిన 'పథేర్ పాంచాలి' కోసం ఇంట్లో నగలు తాకట్టు పెట్టాడు, పైసలు అయిపోయి షూటింగ్ ఎన్నోసార్లు ఆగింది. మన ఆదివాసీ వీరుడి మీద అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీమ్' 1990లో పూర్తయింది, థియేటర్లకు వచ్చింది 2010లో. ఇరవై ఏళ్లు డబ్బాల్లో ఉంది. తర్వాత 'ఆర్ఆర్ఆర్'లో భీమ్ పులులతో కలిసి దూకాడు, మనమూ ఈలలు వేశాం. వేయండి, తప్పులేదు. కానీ ఆ పాత సినిమా కూడా ఒకసారి వెతికి చూడండి. కాబట్టి చదువు ఆపి కృష్ణానగర్ బస్సెక్కమని నేను చెప్పను. డ్రాయింగ్ సారు ఉద్యోగం చేస్తూనే జాతీయ అవార్డు తీసుకున్న మనిషి మన ప్రాంతంలో ఉండేవాడని మాత్రం గుర్తు పెట్టుకోండి.

తెలుగు దాటి ఒక సినిమా. మరాఠీలో నాగరాజ్ మంజులే 2013లో 'ఫండ్రీ' తీశాడు. ఆయన షోలాపూర్ వైపు మనిషి, వడార్ కులం, అంటే మన వడ్డెర. ఫండ్రీ అంటే కైకాడీ భాషలో పంది. మన ఎరుకల వాళ్ల భాషకు దగ్గరి భాష అది. మరాఠీ వాళ్లకు కూడా అర్థంకాని మాట. ఆ మాటనే పోస్టర్ మీద పెట్టాడు. ఊళ్లో పందులు పట్టే ఇంటి పిల్లవాడు జబ్యా బడికి పోతాడు, ఒక పిల్లను ఇష్టపడతాడు, ఆమె చూస్తుండగానే పంది పట్టాల్సి వస్తుంది. చివర్లో వాడు విసిరిన రాయి నేరుగా కెమెరా మీదికి వస్తుంది. అంటే చూస్తున్న మన మీదికి. సూదిలాగా దిగుతుంది.

భాష సంగతి అందుకే ఎత్తాను. జనగణనలో మన లంబాడీని హిందీ కింద కలిపి లెక్కిస్తారని మీకు తెలుసా? మనకు లిపి లేదు, తెలుగులోనో నాగరిలోనో రాసుకుంటాం. లిపి లేని భాషకు సినిమా ఎంత మేలో ఆలోచించండి. కెమెరాకు లిపి అక్కర్లేదు, గొంతు చాలు. నిజామాబాద్ వైపు మన తమ్ముడు రమేశ్ కార్తీక్ నాయక్ తండా కథలు తెలుగులో రాసి, పుస్తకానికి 'ఢావ్‌లో' అని మన మాటే పేరు పెట్టాడు. 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పెళ్లినాడు పిల్ల తన వాళ్లను పట్టుకొని పాటగా ఏడ్చే ఏడుపు ఢావ్‌లో అని మీకు చెప్పక్కర్లేదు.

ఆ ఢావ్‌లో రికార్డు చేద్దామని నేను ఒక తండాకు పోయాను. ఒక ముసలి యాడీ పాడుతూ పాడుతూ ఆగి, "ఆ డబ్బా పక్కన పెట్టు, ఇది వేడుక కాదు" అంది. పక్కన పెట్టి కూర్చున్నాను. ఆమె ఎవరిని తలచుకొని పాడుతుందో చెప్పింది, చిన్నప్పుడే పోయిన చెల్లెలు. మర్నాడు ఆమే పిలిచి పాడింది, ముఖం తీయొద్దు, చేతులు తీసుకో అంది. ఆ చేతులు, ఆ బలియాలు, గొంతు. నేను తీసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రెండు నిమిషాలు అవే. యూట్యూబులో పెట్టలేదు. ఆమె వద్దంది.

మీరు ఏం తీయాలి అని అడుగుతారు ఎప్పుడూ. ఇరాన్‌లో కియారొస్తమీ అనే దర్శకుడు 1987లో ఒక సినిమా తీశాడు. పొరపాటున వచ్చిన దోస్తు నోటుబుక్కు తిరిగి ఇవ్వడానికి ఒక పిల్లవాడు పక్క ఊరికి పోవడం, అంతే కథ. అంతకన్నా పెద్ద కథలు మన దగ్గర రోజూ జరుగుతున్నాయి. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తా మోసే హమాలీ మధ్యాహ్నం అన్నం తినే పదిహేను నిమిషాలు. హాస్టల్ నుంచి దసరా సెలవులకు వచ్చిన చెల్లె, అవ్వతో గోర్ బోలిలో మాట్లాడబోయి తెలుగులోకి జారిపోవడం. తీజ్‌కు బుట్టల్లో గోధుమ మొలకలకు తొమ్మిది రోజులు నీళ్లు పోసే పిల్లలు ఏం ముచ్చట్లు చెప్పుకుంటారో. పాత మనుషుల వంశాలన్నీ పాడే ఢాడీలు, భాట్‌లు ఇంకా ఎవరైనా మీ వైపు వస్తారా? వస్తే ముందు వాళ్ల గొంతు దాచండి, పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి. థర్స్టన్ రాయని పేర్లు మనం రాద్దాం.

పని మాటలు రెండు. ఫోన్‌ను నిలువుగా పట్టుకోవడం మానండి, రీల్‌కైతే సరే. కూర్చున్న మనిషిని నిలబడి తీయకండి, మీరూ కూర్చోండి. కిందికి చూస్తే మనిషి చిన్నగా కనపడతాడు, అది కెమెరా గుణం. గాలి శబ్దం గొంతును తినేస్తుంది, మైకుకు గుడ్డ చుట్టండి. మనిషి మాట ఆపగానే రికార్డింగ్ ఆపకండి. మాట అయిపోయాక వచ్చే ఆ నాలుగు క్షణాల్లోనే చాలాసార్లు అసలు సంగతి ఉంటుంది, 'దాసి' అంతా అలాంటి క్షణాలే. తీసింది మొదట ఆ మనిషికే చూపించండి.

చంద్రి గురించి ఎవరైనా కథ రాస్తే, మూడు పేజీలైనా సరే, సంఘం ఆఫీసులో ఇవ్వండి. నేను చదువుతాను. తీయడానికి నా కెమెరా, నా లైట్లు ఇస్తాను. ఒక షరతు, తండాలో ఆడవాళ్లను కూర్చోబెట్టి ముందు ఆ కథ చదివి వినిపించాలి.

ఇప్పుడు భోజనాలు. తర్వాత ఇదే హాల్లో 'దాసి' వేస్తున్నారు. మిర్యాలగూడ, కోదాడ వైపు పోయేవాళ్లకు సినిమా అయ్యాక బండ్లు ఉంటాయని మన కార్యదర్శి చెప్పమన్నారు. మొదటి అరగంట ఓపిక పట్టండి. రామ్ రామ్.